మార్సియా వాళ్ళ గ్రాన్నీ తొమ్మిదో రోజు

చిక్కడపల్లిలో కాఫీ గింజలు వేయించి పొడి పట్టి అమ్మే దుకాణం ఒకటి ఇంకా ఉంది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ మాడు వాసనకు మా పాత ఇంటి మేడ మీది గది, అందులో కిరాయికున్న మార్సియా, ఆమె స్టవ్ మీద ఎప్పుడూ మరుగుతుండే నల్లటి కాఫీ గుర్తొస్తాయి.

మా ఇల్లు అప్పట్లో అశోక్ నగర్‌కు పోయే ఒక సందులో ఉండేది. కింద నానమ్మ, నాన్న, పదేళ్ళ నేను. మేడ మీద ఒక గదిలో జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి గవర్నమెంటు పరీక్షలకు చదువుకునే సుజాతక్క, ఇంకో గదిలో కంప్యూటర్ కోర్సు కోసం జమైకా నుంచి వచ్చిన మార్సియా. తల నిండా సన్నటి జడలతో, ఎండాకాలం పచ్చి మామిడి ముక్కలు ఉప్పూ కారంలో అద్దుకుని తింటూ, ఆషాఢంలో కవాడిగూడ వైపు నుంచి బోనాల డప్పులు వినపడితే పుస్తకం మూసేసి, పిట్టగోడ మీంచి వంగి, పూనకమొచ్చి శిగమూగే ఆడవాళ్ళను కళ్ళార్పకుండా చూసేది. వాళ్ళ కొండ ఊళ్ళో కూడా డప్పు కొడితే పెద్దల ఆత్మలు మనుషుల మీదికొస్తాయని, ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో వచ్చిన తమ పూర్వీకులు వెంట తెచ్చుకున్నది అదొక్కటేనని చెప్పేది.

అంతకుముందు చలికాలంలోనే మా అమ్మ కామెర్లతో పోయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నన్ను దగ్గరికి తీసుకుని ఏడుస్తుంటే వాళ్ళ చీరల గంజి వాసన చూస్తూ నిలబడ్డాను. నాన్న ఆమె గదిలో దేన్నీ కదపనివ్వలేదు. దండెం మీది చీర, అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళలు, కిటికీ పక్కన మంచం, అన్నీ అట్లనే ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చి, తిని, ఆ మంచానికి ఒక అంచున పడుకునేవాడు. మిగతా సగం ఖాళీ.

బతుకమ్మ మొదలయ్యే రోజున మార్సియాకు ఫోనొచ్చింది. తనను పెంచిన గ్రాన్నీ, అంటే అమ్మమ్మ, పోయిందని. పోదామంటే అంత దూరం. రెండు రోజులు గది తలుపు తీయలేదు. మూడో రోజు కిందికి దిగొచ్చి, నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలతో నానమ్మను అడిగింది. వాళ్ళలో మనిషి పోయిన తొమ్మిదో రోజు అందరూ కూడి, పాడి, తిని, ఆత్మను సాగనంపుతారట. ఆ ఆత్మను డప్పీ అంటారట. ఇక్కడ చేసుకోవచ్చా అని.

"ఎవలో పోతే మన ఇంట్ల దినాలేంది?" అన్నది నానమ్మ. మార్సియా తల వంచుకుని మెట్లెక్కింది. నానమ్మ చాలాసేపు పూలు తుంచుతూ కూర్చుంది, అమ్మ పోయాక ఎవరూ పేర్చని బతుకమ్మ పూలు. తర్వాత సుజాతక్కను పిలిచి, "ముసల్దే గద. నా ఈడుది. చేసుకోమను," అన్నది.

తొమ్మిదో రోజు పొద్దున సుజాతక్క రాంనగర్ మార్కెట్ నుంచి బొచ్చె చేప ముక్కలు తెచ్చి వేయించింది. సాయంత్రం మార్సియా మేడ మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద చేపలు, రొట్టె, కాఫీ గ్లాసు పెట్టి, ముందు గ్రాన్నీ తినాలని మమ్మల్ని ముట్టనివ్వలేదు. మార్సియా గడప దగ్గర కొంచెం రమ్ము ఒలికించింది. నాన్న మొహం చిట్లించాడు. నానమ్మ మాత్రం, "సాక పోస్తుంది. మనం మైసమ్మకు పోయమా?" అన్నది. మార్సియా లావుపాటి గొంతుతో చర్చి పాటలు పాడింది. ఆమె పాట ఆగిపోతే సుజాతక్క అందుకుని తన పల్లె పాట ఉయ్యాలో అంటూ పాడింది. నాన్న మధ్యలోనే కిందికి వెళ్ళిపోయాడు.

తినడాలయ్యాక మార్సియా లేచి తన మంచాన్ని గోడ నుంచి లాగింది. ఎందుకని అడిగాను.

"గ్రాన్నీ మళ్ళ వస్తది, రూమ్ చూస్తది. ఇది నాది కాదు అంటది. పోతది. మంచిగ పోతది," అన్నది. తలవైపు కాళ్ళవైపుకు తిప్పి, బల్లను కిటికీ దగ్గరికి జరిపి, నేల మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది. నేను ఆమె ఏడుపును, ఎక్కడో పడుతున్న వానను చూసినట్టు చూశాను.

తెల్లారి నాన్న ఆఫీసుకు పోయాక, "నానమ్మా, అమ్మ మంచం గూడ తిప్పుదమా?" అన్నాను. నానమ్మ నా మొహంలోకి చూసి, కొంగు నడుముకు దోపుకుని, మేడ మీది ఇద్దరినీ పిలిచింది. నలుగురం కలిసి మంచం తిప్పాము. బీరువా జరిపాము. చీర మడత పెట్టి నానమ్మ తన పెట్టెలో దాచింది. బొట్టుబిళ్ళలు గోటితో నేనే తీశాను.

నాన్న వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. ఆయన లోపలికి నడిచి, కొత్తచోట ఉన్న మంచం కోడుకు మోకాలు తగిలించుకుని, కూర్చున్నాడు. "చద్దరేదమ్మా?" అన్నాడు. ఇచ్చాను. ఆ రోజు మంచం మధ్యలో పడుకున్నాడు.

మరుసటేడు మార్సియా వెళ్ళిపోయింది. సుజాతక్కకు ఉద్యోగమొచ్చింది. నానమ్మ లేదు. ఇల్లు అమ్మి అంబర్‌పేట్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాము. ఆ సందులో ఇప్పుడు కోచింగ్ సెంటర్. మొన్నొక రోజు అన్నం తింటుంటే, మంచం తిప్పక ముందు అమ్మ తల ఎటు పెట్టి పడుకునేదో గుర్తుచేసుకోబోయాను. రాలేదు. నాన్నను అడిగాను. ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టి, "యాదికొస్తలేదు బిడ్డా," అన్నాడు. ఇద్దరం అన్నం తిన్నాము.