రెండో అంచు

కడపలో నేను అద్దెకున్న గది కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున ఎనిమిది దాటితే గంజి పెట్టిన నూలు చీరల మీద నీళ్ళు చల్లి, బొగ్గుల పెట్టె ఆనిస్తారు. ఆవిరి పైకి లేచి, కిటికీ ఊచల్లోంచి గంజి వాసన గదిలోకి వస్తుంది. ఈ మధ్య ఆ వాసన వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతోంది. బల్ల మీద నవల రాతప్రతి ఉంది. పన్నెండో అధ్యాయం దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి మూసి ఉంది. నా పుస్తకాలు నేనే అచ్చు వేయించుకుని నేనే పోస్టులో పంపుతాను కాబట్టి, చదివేవాళ్ళు నేరుగా నన్నే అడుగుతుంటారు. పత్తికొండ టమోటా మార్కెట్టు కథలు ఎంతవరకు వచ్చాయి, వేసవికి వస్తుందన్న నవల ఏమైంది అని. కథలు పదింటిలో ఏడు పూర్తయ్యాయి. వాటి గురించి చెప్పడానికి నాకేమీ ఇబ్బంది లేదు. నవల గురించి చెప్పాలంటే మాత్రం ముందు ఓబుళమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు.

మాది మగ్గాల ఊరు, వేంపల్లెకు బస్సులో గంట దూరం. మాకు మగ్గం లేదు, నాన్నది కిరాణా కొట్టు. మా ఇంటికీ ఓబుళమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మాకు చుట్టరికం ఏమీ లేదు, పిలుపుకే ఆమె పెద్దమ్మ. భర్త ఎప్పుడో పోయాడు. ఆ ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి ఆమెది, రెండోది కోడలు రాజేశ్వరిది. ఇద్దరూ నేసినవి కొడుకు తీసుకెళ్ళి అమ్ముకొచ్చేవాడు. ఆ ఇంటి చీర అంటే అచ్చంగా చేతి మగ్గం మీద నేసిందని చుట్టుపక్కల పేరు. ఆ పేరు మీదనే ఆ ఇల్లు గడిచేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు, ఇంట్లో చుట్టాలు నిండిపోయిన ఒక రోజు, డైరీ పట్టుకుని, గంజి వాసన వేసే ఆమె మగ్గం గది గడప మీద కూర్చున్నాను. గుంత మగ్గం కాబట్టి ఆమె నడుము దాకా నేలలో ఉన్నట్టు కనిపించేది. నేను గడప మీద కూర్చుంటే ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉండేవి.

“ఏం పాపా, దినామూ ఏందో గీకుతాండావు?” అంది తల ఎత్తకుండానే.

“ఊరికే పెద్దమ్మా. డైరీ.”

“సదువు. కండ్లు దీని మీద ఉంటాయి గానీ చెవులు ఖాళీనే కదా.”

నలుగురిలో పేరడిగితే చెప్పడానికే గొంతు పెగలని పిల్లను. బడిలో పాఠం చదవమంటే చెమటలు పట్టేవి. కానీ ఆమె నన్ను చూడటం లేదు. ఆమె చూపు పోగుల మీదుంది. ఒక మనిషి మొహం చూడకుండా వింటుంటే ఇంత ధైర్యం వస్తుందని అప్పుడే తెలిసింది. తొలి వాన మీద నేను రాసుకున్న పేజీ చదివాను. సగంలో మగ్గం చప్పుడు ఆగింది. పేక నూలును అటూ ఇటూ మోసే నాడె ఆమె చేతిలో ఉండిపోయింది.

“ఏమైంది పెద్దమ్మా?”

“పోగు తెగినాది.”

నేను మగ్గంలోకి తొంగి చూశాను. “యాడ?”

“దీంట్లో కాదు మే, నీ దాంట్లో. తొలి వానకు మట్టి కమ్మగా వాసన వచ్చినాదంటివే. మనూర్లో వానకు ముందు దుమ్ము గాలి రాదా? పడుగు నూలు వీధిలో సాపి ఉంటే, దాన్ని ఎత్తుకోని లోపలికి ఉరుకుతామా, వాసన చూసుకుంటా నిలబడతామా?”

“పుస్తకాల్లో అట్లే రాస్తారు.”

“అయితే వాళ్ళకు మగ్గాలు లేవేమోలే” అని మళ్ళీ నేతలో పడింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, నేను రాసిన ప్రతి పేజీ ఆ గడప మీద చదివాను. డిగ్రీకి కర్నూలు వెళ్ళినా, ఉద్యోగానికి కడప వచ్చినా, సెలవుకు ఇంటికి పోతే సంచిలో ముందు పెట్టుకునేది ఆ కాగితాలే. ఆమెకు అక్షరం రాదు. బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. చదువుతున్నది సరిగా ఉంటే మగ్గం చప్పుడు మారేది కాదు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న మాట వస్తే, నేను చూడనిది చూసినట్టు రాస్తే ఆగిపోయేది. నేను పెన్సిలుతో అక్కడ గీత పెట్టుకునేదాన్ని. ఒకసారి పెళ్ళి భోజనాల దగ్గర అప్పడాల కోసం జరిగిన తగువు గురించి చదువుతుంటే చప్పుడు ఆగింది. తప్పెక్కడుందా అని వెనక్కి చూసుకుంటున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. “ఈ తూరి నీది కాదులే. నాదే తెగినాది” అని, తెగిన పోగు ముడివేసుకోవడానికి వంగింది.

మొదటి కథల పుస్తకం అచ్చయ్యాక నేరుగా ఆమె దగ్గరికే తీసుకెళ్ళాను. చేతులు తుడుచుకుని తలకిందులుగా పట్టుకుని తిప్పింది. కాగితం రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. అట్టను, లోపలి కాగితాలను చెరోవైపు పట్టి లాగింది. “కుట్టు గట్టిగానే ఉండాది. లోపల్ది నేను విన్నదే కదా” అని వెనక్కి ఇచ్చింది.

రెండో పుస్తకం కూడా వచ్చాక, ఆమె కుడి భుజం బాగా పట్టేసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం మగ్గం పక్కన చాప మీద పడుకుని ఉంది. రాజేశ్వరి వదిన నీళ్ళకు పోయింది. మగ్గం మోగని ఆ గదిలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

“నీకొకటి చెప్తా. రాసుకుంటావో పారేస్తావో నీ ఇష్టం” అంది.

వేంపల్లె దగ్గరి పల్లెలో ఒకామె. భర్త ఆసుపత్రిలో ఉంటే శ్రీశైలం అమ్మవారికి చేత్తో నేసిన చీర పెడతానని మొక్కుకుంది. ఓబుళమ్మ చేతి చీరే కావాలని వచ్చి రంగు చెప్పి, శ్రీశైలం బయలుదేరే రోజు కూడా చెప్పి వెళ్ళింది. చీర సగం నేసేసరికి పెద్దమ్మకు ఈ భుజం నొప్పే మొదటిసారి వచ్చింది. చెయ్యలేనని చెప్పడానికి నామోషీ అయింది. అదే రంగులో మరమగ్గం చీర ఒకటి కొనుక్కొచ్చింది. చేతి మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తారు. దాని రెండు కొసలా సూదులుంటాయి. అవి గుచ్చుకున్న సన్నని బొక్కలు చీర రెండంచుల పొడవునా మిగిలిపోతాయి. తెలిసినవాళ్ళు చేనేత చీరను ఆ బొక్కలతోనే గుర్తుపడతారు. పెద్దమ్మ సూది తీసుకుని, ఆ మరమగ్గం చీర అంచుల వెంబడి ఒక్కొక్కటిగా బొక్కలు గుచ్చింది.

“ఆయమ్మ వచ్చి అంచు తడిమి చూసుకున్యాది. చూసుకోని కండ్లకద్దుకున్యాది. చీరను కాదు మే, ఆ బొక్కల్ని.”

ఆమె ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంది.

“ఆయప్ప బాగై ఇంటికొచ్చినాడు. ఏడాదికొకతూరి ఆయమ్మ పండ్లు తీసుకోని వస్తాది. నీ చేతి చలవ ఓబుళమ్మా అంటాది. అమ్మవారికి తెలిసే ఉంటాది. ఆయమ్మకే చెప్పలేక పోతాండా.”

ఆ చీర మీదనే నవల మొదలుపెట్టాను. పన్నెండో అధ్యాయం దాకా బాగానే నడిచింది. అక్కడికొచ్చేసరికి ఆమె చేతికి సూది ఇవ్వలేకపోయాను. ఒక చీరల షావుకారును కల్పించి, నేసిన మనిషికి తెలియకుండా అతనే చీర మార్చి, అతనే బొక్కలు గుచ్చినట్టు రాశాను. అప్పటికి పెద్దమ్మ భుజం కొంచెం కుదుటపడి మళ్ళీ గుంతలో కూర్చుంటోంది. చదివాను. చప్పుడు ఆగింది.

“ఆ షావుకారు ఎవరు?”

“ఊరికే పెద్దమ్మా. కథ కదా.”

“చీర నాది, మొక్కు ఆయమ్మది. తప్పొక్కటే ఆయప్పకిచ్చినావా? ఆయప్ప నీకేం చేసినాడు?”

“నిన్ను తక్కువ చేసి నేను రాయలేను.”

“తక్కువేముండాది? చేసినా కాబట్టి చేసినట్లే రాయి. చేతకాదంటే ఆ కాగితం చించెయ్యి. దొంగ పోగు మాత్రం పెట్టొద్దు.”

“మీ ఇంటి చీరలంటే నమ్మి కొంటారు. ఇది చదివితే ఊరంతా ఏమనుకుంటుంది?”

నాడెను చేతిలో ఒకసారి అటూ ఇటూ తిప్పింది. “అది రాజేశ్వరిని అడుగు. ఇంక ముందర బతకాల్సింది ఆ పాప కదా” అంది.

నేను అడగలేదు. ఎట్లా అడగాలో నాకు తెలియలేదు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, మీ అత్త చేసిన మోసం అచ్చు వేయనా అని అడగడం నావల్ల అయ్యే పనిగా అనిపించలేదు. రేపు, మాపు అనుకుంటుండగానే ఆ చలికాలంలో పెద్దమ్మ జ్వరంతో పడి, వారానికే పోయింది. ఆమెను సాగనంపిన రోజు ఆ వీధిలో ఒక్క మగ్గం కూడా మోగలేదు. డైరీలో ఆ ఒక్క వాక్యమే రాసుకున్నాను.

ఆ తర్వాత పన్నెండో అధ్యాయం రెండు రకాలుగా రాసి పెట్టుకున్నాను, ఒకటి షావుకారుతో, ఒకటి పెద్దమ్మతో. ఏదో ఒకటి తేలుతుందిలే అని వేసవికి నవల వస్తుందని మీ అందరికీ ప్రకటించాను. వేసవి వచ్చింది. ఏమీ తేలలేదు. అప్పుడు నెట్‌లోని నా పేజీలో, అచ్చు పని ఆలస్యమవుతోంది, మన్నించండి అని రాశాను. చాలామంది ఓపికగా జవాబులు పెట్టారు. రెండు రోజులకు కర్నూలు నుంచి ప్రెస్సాయన ఫోను చేశారు. నా రెండు పుస్తకాలూ వేసింది ఆయనే.

“ఏమ్మా, మాకు కాగితాలే రాలేదు కదా. మేమెప్పుడు ఆలస్యం చేసినాం?” అన్నారు. గొంతులో కోపం లేదు. అందువల్లే ఇంకా సిగ్గనిపించింది. తప్పు మోయడానికి ఒక షావుకారును కథలోనే కాదు, కర్నూలులో కూడా వెతుక్కున్నాను.

ఆ ఆదివారమే ఊరికి పోయాను. పెద్దమ్మతో రాసిన అధ్యాయం ఒక్కటే తీసుకెళ్ళాను. వదిన నేస్తూ ఉంది. నేను గడప మీద కూర్చోబోతే, ఆమె మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. “సదువు, వింటా” అని నా మొహంలోకే చూసింది. చదివాను. రెండు చోట్ల ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. అయిపోయాక ఆమె మొదట అడిగింది ఒకటే.

“రెండంచులూ తానే గుచ్చినానని చెప్పిందా అత్త?”

“అవును వదినా.”

“నా పేరు యాడా తియ్యలేదా?”

లేదన్నట్టు తల ఊపాను.

“ఆమె చెయ్యే పైకి లేస్తాండ్లేదు, రెండంచులు యాడ గుచ్చుతాది? ఒక అంచు ఆమె. రెండో అంచు నేను. సూది తెచ్చిచ్చింది కూడా నేనే.” కొంగుతో మొహం తుడుచుకుంది. “శానా చూసుకున్యాది నన్ను. ఇది కూడా నా మీద పడకుండా తీసుకోని పోయినాది.”

నా ప్రతి పేజీలో దొంగ పోగును పట్టుకున్న మనిషి, తన కథలో ఒక్కటి వదిలిపెట్టింది. అది తన కోసం కాదు.

“అయితే ఈ అధ్యాయం తీసేస్తాను వదినా” అన్నాను.

“తియ్యడమెందుకు? నన్ను గూడా రాయి.”

“చీరలు కొనేవాళ్ళు…”

“ఇన్ని దినాలు బొక్కలు చూసి కొన్యారు. ఇంక నన్ను చూసి కొంటారో, మానుకుంటారో. నేసేది మాత్రం చేత్తోనే కదా.” లేచి మగ్గం దగ్గరికి పోతూ ఆగింది. “అప్పుడే అచ్చెయ్యొద్దు. ముందు నేను పోయి ఆయమ్మకు చెప్పొస్తా. పుస్తకంలో చూసి తెలుసుకునే మాట కాదు ఇది.”

వదిన రెండు వారాల పాటు పోలేకపోయింది. పోయిన వారం పోయి వచ్చింది. ఫోనులో ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“చెప్పినా.”

“ఏమనింది వదినా?”

“శానాసేపు ఏమీ అనలేదు. మళ్ళ అన్నం పెట్టినాది. తిని వచ్చినా.”

ఆ పల్లెటూరి ఆమె మనసులో ఏముందో వదినకు తెలియదు, నాకూ తెలియదు. ఈ ఏడాది పండ్లు తీసుకుని వస్తుందో రాదో కూడా తెలియదు. తెలియనిది తెలిసినట్టు రాయను. ఇప్పుడు పన్నెండో అధ్యాయంలో ఒక చీరకు చెరోవైపు ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. షావుకారు పోయాడు, అతనితో పాటు నలభై పేజీలు కూడా పోయాయి. మిగిలినవి సరిచేయడానికి నాకు మూడు నెలలు పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. టమోటా కథల్లో పూర్తయ్యాయన్న ఏడూ మళ్ళీ తీసి చూస్తున్నాను. ఎవరి తప్పు ఎవరి నెత్తిన పెట్టానో వెతుక్కుంటూ చదువుతుంటే, ఒక దళారీ దగ్గర చెయ్యి ఆగింది. ఆ కథ కూడా మళ్ళీ రాయాలి. కర్నూలు ప్రెస్సులో ఎవరూ ఆలస్యం చేయలేదు. ఈ నవలలో వాళ్ళకు నేనింతవరకు ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. ఆలస్యం నాది.