దొరకలేదని నేను చెప్పిన ఊరు

ఆ ఊరు నాకు దొరికింది. దొరకలేదని చెప్పాను.

ఎనిమిదేళ్లుగా అందరికీ తెలిసిన కథ వేరు. ఒక పాలస్తీనా పెద్దావిడ పుట్టిన ఊరి కోసం నేను మూడు శుక్రవారాలు సెలవు మానుకుని మ్యాపుల ముందు కూర్చున్నాననీ, పాపం దొరకలేదనీ. మా ఆవిడ కూడా అదే నమ్మింది. మూడు శుక్రవారాలు కూర్చున్నది నిజమే. కానీ రెండో శుక్రవారమే దొరికింది. మూడోది, ఏమని చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచించడానికి సరిపోయింది.

నేను సర్వేయర్ని. దోహాలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా రోడ్లకూ పైపులైన్లకూ హద్దులు చూపిస్తున్నాను. ఆ ఆఫీసులోనే నా పక్క టేబుల్ దగ్గర ఒక పాలస్తీనా డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. నాకంటే పదమూడేళ్లు పెద్ద. గాజాలో, శరణార్థుల క్యాంపులో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు. ఆయన దగ్గర పాస్‌పోర్టు లేదు, ఈజిప్టు వాళ్ళిచ్చిన ప్రయాణ పత్రం ఉండేది. దానితో ఈజిప్టులో ఉండటానికి కూడా వీల్లేదని నవ్వుతూ చెప్పేవాడు. నన్ను "యా ముహందిస్" అని పిలిచేవాడు, ఇంజనీరూ అని. నాది డిప్లొమా మాత్రమేనని తెలిసి మరీ. నేను ఆయనను "అమ్మో" అనేవాణ్ణి.

మా సర్వే బండి నడిపే జగిత్యాల డ్రైవరుకు ఇది వింతగా ఉండేది.

"ఏందన్నా, ఆయన్ని పట్టుకొని అమ్మో అమ్మో అంటవ్? గంత భయమా?"

"అమ్మో అంటే అరబ్బీల చిన్నాయిన రా."

"గట్లనా? మా చిన్నాయిన్ని జూసినా మేం గదే అంటం తియ్యి."

మధ్యాహ్నం ముగ్గురం కలిసి తినేవాళ్ళం. ఆయన రొట్టె, ఆలివ్ నూనె, నువ్వులు కలిపిన ఎండుటాకుల పొడి తెచ్చేవాడు. నేను తెచ్చిన గోంగూర పచ్చడి ఆ రొట్టెకు రాసుకుని తిని, కళ్ళు తుడుచుకుని, "ఇది తిండా, శిక్షా? మీ ఊళ్ళో ఎవరేం నేరం చేశారు?" అనేవాడు. మళ్ళీ అడిగి వేయించుకునేవాడు.

ఒకరోజు ఆయన నా టేబుల్ మీద ట్రేసింగ్ పేపరు పరిచాడు. దాని మీద ఒక చిన్న ఊరు ఉంది. బావి, కళ్ళం, బడి, ఒక సాధువు సమాధి, ఊరిచుట్టూ ముళ్ళ జెముడు కంచె, బావికి పడమట పెద్ద మేడి చెట్టు, దాని వెనక రెండు మెట్ల గడప ఉన్న ఒక ఇల్లు. అమ్మ చెబుతుంటే గీశానన్నాడు. ఆమె తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆ ఊరంతా ఖాళీ అయింది. సైనికులు వస్తున్నారని, వారంలో తిరిగొద్దామని బయలుదేరిన వాళ్ళు గాజాలో తేలారు. ఊరి ఆనవాళ్ళేవీ మిగలలేదని, పేరు కూడా ఇప్పటి మ్యాపుల్లో లేదని చెప్పాడు.

"అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ఇల్లు ఎక్కడుండేదో శాటిలైట్ ఫోటోలో వేలు పెట్టి చూపించగలవా? ఊరు కాదు, ఇల్లు. నువ్వు చెయ్యగలవు. నీకు అదే పని కదా."

ఇంగ్లీషువాళ్ళ కాలపు మ్యాపు ఒకటి ఎక్కడో సంపాదించి తెచ్చాడు. దాంతో ఊరు దాదాపుగా దొరుకుతుంది. ఇల్లు దొరకాలంటే ఆమె చెప్పిన దూరాలు కావాలి. అవన్నీ అడుగుల్లోనే ఉన్నాయి, అవీ ఆమె నడిచిన అడుగులు.

అందుకని ఒక సాయంత్రం మదీనత్ ఖలీఫాలోని వాళ్ళింటికి వెళ్ళాను. విల్లాను మూడు వాటాలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు. ఆమె సోఫాలో కాకుండా నేల మీద పరుపు మీద కూర్చుని ఉంది. హజ్ చేసొచ్చిన పెద్దావిడ కాబట్టి, అందరిలాగే నేనూ ఆమెను హజ్జా అని పిలిచాను. కొడుకు నాకు హిందీలో చెబుతున్నాడు.

"బావి నుంచి మా గడపకు నూట పన్నెండు అడుగులు," అంది. "నెత్తిన కుండ ఉంటే నూట ఇరవై."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు కొలతలు ఇచ్చినవాళ్ళలో అంత ఖచ్చితమైన మనిషిని చూడలేదు. బరువు మోస్తే అడుగు కురచ అవుతుందని గొలుసు పట్టి కొలిచే చైన్‌మన్లలోనే చాలామందికి తట్టదు. ఆ మాట చెబితే ఆమె పకపకా నవ్వింది. తరవాత కాసేపు నీళ్ళ గురించే మాట్లాడింది. ఇక్కడి నీళ్ళకు రుచి లేదట. సముద్రాన్ని మరిగించి తీసిన నీళ్ళకు ఏ ఊరి రుచి ఉంటుంది అంది. వాళ్ళ బావి నీళ్ళు మొదటి గుక్కలో కొంచెం చప్పగా, చివర్లో తియ్యగా ఉండేవట. ఆ తీపి కోసం ఇప్పటికీ గ్లాసు అడుగుదాకా తాగుతానంది. నేను వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. కొడుకు చెప్పాడు: "నువ్వు మా ఇల్లు చూపిస్తే, అక్కడే నిలబడి నీకు దువా చేస్తానంటోంది. ఫోటో మీదే నిలబడుతుందట."

తొమ్మిదేళ్ల పిల్ల అడుగు ఎంత ఉంటుంది? ఆ ఏడు మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. అల్ మన్సూరాలో మా ఫ్లాటు బయటి వరండాలో దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించి టేపుతో కొలిచాను. నెత్తిన స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టి మళ్ళీ నడిపించాను. పక్క ఫ్లాటు కేరళ ఆవిడ తలుపు తీసి చూసి ఏ దేవుడి మొక్కో అనుకున్నట్టుంది, నిశ్శబ్దంగా వేసుకుంది. కుండతో, కుండ లేకుండా రెండు లెక్కలూ ఒకే చోటికి వచ్చాయి.

అప్పట్లో ఆ ప్రాంతం మీది ఫోటోలు కావాలనే మసకగా ఉంచేవారు. మా ఆఫీసు మిద్దె మీద నీళ్ళ ట్యాంకులు లెక్కపెట్టగలిగే ఫోటోల్లోనే, అక్కడి కార్లు బియ్యపు గింజల్లా కనిపించేవి. అయినా మేడి చెట్టు దొరికింది. జెముడు కంచె ముక్కలుముక్కలుగా ఇంకా పచ్చగా ఉంది. మనుషులు పోయినా జెముడు పోదు. ఇల్లు ఉండాల్సిన చోట నీలగిరి తోట. తోట మధ్యలో కార్లు ఆపుకునే స్థలం, వనభోజనాలకు వచ్చేవాళ్ళ కోసం వేసిన బెంచీలేనని తెలిసిపోయే చుక్కల వరస. చెట్ల మధ్య రెండు మూడు తెల్లటి మరకలు, రాళ్ళ కుప్పలు కావచ్చు. వాటిలో ఏది ఆమె ఇల్లో ఆమెకు చూపించి అడగాలి. మిగిలిన పని అంతే.

నేను అడగలేదు.

ఎందుకు అంటే, నాకు మా మేనత్త గుర్తొచ్చింది. మా ఊరు కరీంనగర్ వైపు ఒక ప్రాజెక్టు కింద మునిగింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఊరివాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని ట్రాక్టర్ల మీద వెళ్ళి, ఎవరి గడప దగ్గర వాళ్ళు కొట్టి వస్తారు. ఒక ఏడు మేనత్తను నేనే తీసుకెళ్ళాను. పగుళ్ళు తేలిన బురదలో ఆమె తన పొయ్యి గద్దెను గుర్తుపట్టి కూర్చుంది. పొద్దు వాలినా లేవలేదు. ఎత్తుకొచ్చాం. ఆ తరవాత మంచం పట్టింది. ఆ ఏటి నుంచి నేను మా ఊరు మునిగిన వైపు వెళ్ళడం మానేశాను. పోయినదాన్ని చూపించకూడదు అని ఒక సూత్రం పెట్టుకున్నాను. హజ్జా తన గడప మీద బెంచీలు చూస్తే ఏమైపోతుందో అనుకున్నాను. ఆమె ఎంత తట్టుకోగలదో నేనే లెక్కగట్టాను.

ఇంకో కారణం కూడా రాయాలి, లేకపోతే ఇదీ అబద్ధమే అవుతుంది. ఆ ఫోటో పెద్దగా అచ్చు వెయ్యాలంటే ఆఫీసు ప్లాటరే దిక్కు. ఆఫీసులో రాజకీయాలు వద్దని మేనేజరు అంతకుముందే ఒకసారి అందరినీ పిలిచి చెప్పాడు. వీసా వాళ్ళ చేతిలో ఉంది. దయ అని చెప్పుకున్నదానిలో ఎంత భయం కలిసిందో ఇప్పుడు విడదీయలేను.

ఆదివారం ఆయనతో అన్నాను: "అమ్మో, పాత మ్యాపుకూ ఇప్పటి ఫోటోకూ డేటమ్ కలవడం లేదు. కిలోమీటరు దాకా తేడా వస్తోంది. ఇల్లు చెప్పలేం. మాఫీ."

డేటమ్ అంటే కొలతలన్నీ ఎక్కడి నుంచి మొదలవుతాయో ఆ ఆధారం. భవనాల బొమ్మలు గీసే మనిషికి దాని లోతు తెలియదని నాకు తెలుసు. ఆ ఒక్క మాటను ఎంచుకున్నది అందుకే. ఆయన ట్రేసింగ్ పేపరు చుట్టుకుని, "పరవాలేదు హబీబీ, కష్టపడ్డావు," అన్నాడు.

మూడు నెలలకు హజ్జా పోయింది.

పరామర్శకు వెళ్ళాను. మగవాళ్ళందరూ గోడల వెంట కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన చేదు కాఫీ పోస్తూ తిరుగుతున్నాడు. కప్పు ఊపితే చాలని అర్థం, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. పక్కనున్న ముసలాయనతో మా అమ్మో మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్ళలో వినీ వినీ ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చింది.

"అమ్మకు అక్కడ నీలగిరి చెట్లు నాటారని తెలుసు. నా చిన్నప్పుడు మా మామ మా ఊరి వైపు తోటల్లో కూలికి పోయేవాడు. మా పొలాల్లోనే, వాళ్ళ నారింజలు కొయ్యడానికి. దారిలో దిగి చూసొచ్చి చెప్పాడు. యాభై ఏళ్ల నుంచి తెలుసు ఆమెకు. ఏ చెట్టు మన గడపలో ఉందో చెబితే చాలు, ఆ చెట్టుతో నాకు మాటలున్నాయి అనేది."

అంతలో ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. "ఈ ఇండియా తమ్ముడు, మన మనిషి కూడా కాదు, మూడు జుమ్మాలు అమ్మ కోసం కళ్ళు పోగొట్టుకున్నాడు." వరసలో అందరూ నా వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. కప్పు ఊపడం మరిచిపోయాను. మూడుసార్లు పోశారు, మూడుసార్లూ తాగాను.

అక్కడైనా చెప్పవలసింది. చెప్పలేదు. శవం లేచిన ఇంట్లో ఎలా అనుకున్నాను. నలభై రోజులు పోనీ అనుకున్నాను. ఆ తరవాత రోజులు వాటంతటవే పోయాయి.

ఇప్పుడు గాజాలో జరుగుతున్నది నేను చెప్పక్కర్లేదు. ఆయన తమ్ముడి కుటుంబం అక్కడే ఉంది. ఇల్లు పోయింది. ఒక డేరా నుంచి ఇంకో డేరాకు మారిన ప్రతిసారీ తమ్ముడు ఫోటో పంపేవాడు. ఆయన వాటిని నాకు చూపించి, "ఇదెక్కడ?" అని అడిగేవాడు. నీడలను బట్టి, వెనక కనిపించే మినారును బట్టి చెప్పేవాణ్ణి. నా నోటి నుంచి ఏ చోటు పేరు వచ్చినా నమ్మేవాడు. ఆ నమ్మకం నన్ను కాల్చేది.

ఈ ఏడు ఆయన రిటైరయ్యాడు. ఇక్కడే ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆయనను తన వీసా మీద ఉంచుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. చివరి రోజు కేకు కోసి, అందరూ వెళ్ళి మేం ముగ్గురమే మిగిలాక, సొరుగులు ఖాళీ చేస్తూ అడిగాడు:

"నువ్వు రిటైరైతే ఎక్కడికి వెళ్తావు, యా ముహందిస్?"

"కరీంనగర్‌లో ఇల్లుంది."

"అది కాదు. మీ ఊరు. నీళ్ళు తగ్గితే కనబడుతుందన్నావు. వెళ్తుంటావా?"

"లేదు. చూడలేను."

డ్రైవరు పెట్టె ఎత్తుతూ నాకు తెలుగులో అన్నాడు, "నీకు పిచ్చి లేసిందా అన్నా? పోవొచ్చు గదా, ఎవడద్దంటుండు?"

ఆ మాట అర్థం కాకపోయినా అమ్మో అదే అన్నాడు. "వెళ్ళు. నీకు అడ్డం నీళ్ళేగా. నేనైతే ఈదుకుంటూ వెళ్తాను."

ఆ శుక్రవారం ల్యాప్‌టాప్ తీసుకుని మదీనత్ ఖలీఫాకు వెళ్ళాను. ఫోటోలు ఇప్పుడు చాలా స్పష్టంగా ఉన్నాయి. మేడి చెట్టు నీడ కూడా కనబడుతోంది. అమ్మో మంచినీళ్ళు తెచ్చి పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.

"ఇది మీ ఊరు. ఎనిమిదేళ్ల కిందటే దొరికింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలు కంచె వెంట మెల్లగా నడిచింది, బడి ఉండాల్సిన చోట ఆగింది, సమాధి ఉండాల్సిన చోట ఆగింది, బావి చోట చాలాసేపు ఆగింది. అమ్మ చెప్పినవన్నీ ఉన్నాయా అని ఒక్కొక్కటీ అడుగుతున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. మేడి చెట్టు వెనకకు వచ్చేసరికి వేలు నిలిచిపోయింది. అక్కడ నీలగిరి చెట్ల మధ్య మూడు రాళ్ళ కుప్పలు ఉన్నాయి, పక్కపక్కనే, పదేసి గజాల దూరంలో.

"వీటిలో మాది ఏది?" అన్నాడు.

నా దగ్గర ఉన్న కొలతలకు మూడూ సరిపోతాయి. అంతకు మించి ఏ పరికరమూ చెప్పలేదు.

"నాకు తెలియదు అమ్మో. ఈ లోకంలో తెలిసిన మనిషి ఒక్క హజ్జాయే. ఆమె ఈ గదిలో, ఆ పరుపు మీద బతికి ఉన్నప్పుడు ఇది నా చేతిలో ఉంది. డేటమ్ కలవలేదన్నది అబద్ధం. ఆమె తట్టుకోలేదని నేను అనుకున్నాను. ఆమెను అడగలేదు, నిన్నూ అడగలేదు. భయం కూడా ఉంది. మీ గడప ఏదో చెప్పగలిగిన ఒక్క వేలినీ ఈ ఫోటో మీద పెట్టనివ్వంది నేనే. పరామర్శలో నువ్వు నన్ను పొగుడుతుంటే కూర్చుని విన్నాను. సామెహ్నీ. నన్ను క్షమించు."