రెండేళ్ల గడువు

నర్సింగ్ చదివి, జపానులో మూడేళ్లు ముసలివాళ్లకు స్నానాలు చేయించి, అన్నం తినిపించి తిరిగొచ్చాను. పాన్‌గల్ మండలంలోని మా ఊళ్లో నా పని గురించి చెబితే మొదట నవ్వారు. "ఈడ ముసలోళ్లు లేరా, గంత దూరం పోవాల్నా?" అన్నారు. జీతమెంతో తెలిశాక నవ్వు ఆపి, మా పిల్లను కూడా పంపిస్తవా అని అడగడం మొదలుపెట్టారు.

అక్కడ ఉద్యోగం చేసే ప్రతివాళ్ల జీతంలోంచీ పింఛను కింద కొంత కోస్తారు. పరాయి దేశం వాళ్లకూ మినహాయింపు లేదు. మొదటి నెల స్లిప్పు చూసి నాకు ఒళ్లు మండింది. పింఛను తీసుకునే వయసు దాకా నేనక్కడ ఉంటానా ఏమిటి? పైకి నవ్వుతూ వంగి దండాలు పెడుతూనే మన జేబు కోస్తున్నారు అనుకున్నాను. నా మొహం చూసి మా సూపర్‌వైజరమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, నాకు అర్థమయ్యే తేలిక మాటలతో చెప్పింది. దేశం విడిచి వెళ్లాక అడిగితే అందులో చాలా భాగం తిరిగిస్తారట. కానీ రెండేళ్ల లోపల అడగాలి. బయలుదేరే రోజున ఆ ఫారం నా చేతిలో పెట్టి, రెండు వేళ్లు చూపించి, మర్చిపోవద్దని మూడుసార్లు చెప్పింది. ఆమె చాదస్తానికి లోపల నవ్వుకున్నాను కూడా.

ఆ డబ్బుతో నేను చేయాలనుకున్నది ఒక్కటే. ఏడాది పాటు ఏ పనీ పెట్టుకోకుండా వనపర్తిలో గది తీసుకుని, సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు పరీక్షకు చదవాలి. మూడేళ్లు పంపిన జీతమంతా ఇంటికే పోయింది. దాంతో ఇంటికి స్లాబ్ పడింది, అన్న కౌలు చేనికి పైపులు వచ్చాయి, పాత బాకీలు తీరాయి. నేనేమీ ఏడవలేదు, సంతోషంగానే పంపాను. ఈ ఒక్కటి మాత్రం నాకోసం అనుకున్నాను. ఆ పరీక్ష గట్టెక్కితే ఇక ఏ దేశమూ పోనక్కర్లేదు. మా నాన్న బతుకంతా మేస్త్రీ గుంపులో కాలువలు తవ్వుకుంటూ తిరిగాడు. మా ఇంట్లో సొంత జిల్లాలో జీతం తీసుకుని, పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే మనిషి ఒక్కరన్నా ఉండాలని నా పట్టుదల. ఈ సంగతి అన్నకూ అమ్మకూ వచ్చిన వారంలోనే చెప్పాను. అన్న తల ఊపాడు.

ఇల్లు గడవాలి కదా, ఈలోగా నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడే హాస్టల్లో ఉంటూ సెలవు దొరికినప్పుడు బిజినేపల్లి మీదుగా బస్సులు మారి ఊరికొచ్చేదాన్ని. ఫారం మీద బ్యాంకు ముద్ర కావాలి. నాలుగుసార్లు తిప్పించుకుని, ఇది ఏ దేశం కాగితమమ్మా అని ఆరా తీసి, చివరికి ఇంకు ఎండిపోయిన ప్యాడ్ మీద అద్ది వేశారు. ముద్ర పడిందో లేదో అన్నట్టుంది. అయినా వాళ్లతో మళ్లీ ఎవరు పడతారని తీసుకుని, దసరా ముందు వనపర్తి పోస్టాఫీసులో రిజిస్టర్ చేశాను. చిరునామా ఇంటిదే రాశాను. హాస్టళ్లు మారుతుంటాయి, ఇల్లు మారదు కదా.

డబ్బు రావడానికి ఆరు నెలలు పట్టొచ్చని ఫారంలోనే ఉంది. ఆరు నెలలయ్యాక, జపాను నుంచి ఉత్తరమేమన్నా వచ్చిందా అని అన్నను అడిగాను.

"రాలే చెల్లె. గవర్నమెంటు పని గదా, గంత జల్ది అయితదా?" అన్నాడు.

మళ్లీ రెండు నెలలకు అడిగితే, "వస్తే నీకు చెప్పనా? నాకేమన్న చదవొస్తదా అది?" అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, అది మా ఇళ్ల అలవాటు. గుంపుతో పనికి పోయినవాళ్లకు కూలి లెక్క పని దగ్గర తేలదు. ఊరికొచ్చాక, మేస్త్రీకి తీరుబడి అయ్యాక, ఆయన పిలిచినప్పుడు తేలుతుంది. ఈలోగా రెండోసారి అడిగితే నమ్మకం లేదన్నట్టు. అట్లా అడిగినవాళ్లను మరుసటేడు గుంపులో కలుపుకోరు. నాన్న నెలల తరబడి నోరు మూసుకుని ఎదురుచూడటం చూస్తూ పెరిగాను. చదువుకున్నాను, విమానమెక్కాను, ఒక కొత్త భాష నేర్చుకున్నాను గానీ ఆ అలవాటు మాత్రం నా ఒంట్లోంచి పోలేదు. పైగా అనుమానమంతా జపాను వాళ్ల మీదే. పని ఉన్నంతసేపే దండాలు, విమానమెక్కాక మనమెవరో వాళ్లెవరో అని ఆసుపత్రిలో తోటి నర్సుల దగ్గర వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. పాపం, నన్ను మోసం చేయనివాళ్లు వాళ్లొక్కరే.

ఈ ఏడు మార్చిలో ఒకరోజు తెగించి జపానులోని ఆ పింఛను ఆఫీసుకే ఫోన్ చేశాను. భాష నోటికి తిరగక చెమటలు పట్టాయి. అవతల ఆమె ఓపిగ్గా నా నంబరు చూసి చెప్పింది. ఒక చిన్న లోపం ఉండి కాగితాలను పోయినేడే మీ ఇంటికి తిప్పి పంపాం, సరిచేసి పంపమని రాశాం, మీ నుంచి ఏమీ రాలేదు. మీరు దేశం విడిచి రెండేళ్లు దాటి రెండు నెలలైంది, ఇప్పుడిక తీసుకోలేం అంది. క్షమించమని కూడా అంది.

మర్నాడే ఊరికి వెళ్లాను. బస్సు దిగేసరికి మా పోస్టుమ్యాన్ చాయ్ దుకాణం ముందున్నాడు. విదేశీ కవరు మా ఊరికి రోజూ వస్తుందా, అడిగీ అడగకముందే చెప్పేశాడు.

"నీది వచ్చె గదమ్మా, నిరుడు ఎండకాలం. మీ అన్నకే ఇచ్చిన. సంతకం గూడ పెట్టిండు. ఏం, చెప్పలేదా నీకు?"

మర్చిపోయినట్టున్నాడు అన్నాను. పరాయివాడి ముందు అన్న పరువు కాపాడాను, అదీ నా తెలివి.

అన్న కౌలు చేన్లో పల్లి పీకిస్తున్నాడు. నేను కవరు సంగతి ఎత్తగానే అతను అడిగిన మొదటి మాట, "ఎవరు చెప్పిండ్రు?"

రాలేదని ఇంకోసారి అబద్ధం చెప్పినా కాసేపు నమ్మేదాన్నేమో. అన్న ఇంటికి నడిచాడు, నేను వెనకే వెళ్లాను. పట్టా పుస్తకాల సంచీలోంచి కవరు తీసిచ్చాడు. మడత నలగలేదు. బ్యాంకు ముద్ర చదవడానికి వీల్లేకుండా ఉంది, దయచేసి మళ్లీ వేయించి పంపండి అని రాసి ఉంది. అంతే. ఒక్క పూట పని.

"ఇందుల ఏముందో నీకు తెల్సా?"

"గద్వాలకు తీస్కపోయి, నిన్ను జపాను పంపిన ఏజెంటుకు చూపిచ్చిన. ఫోన్ల పెట్టి చదివి చెప్పిండు. ఆ పైసలు తీస్కుంటే నీ మూడేండ్ల లెక్క ఆడ తుడిచేస్తరట. మళ్ల పిలుస్తరో పిలువరో అన్నడు."

"పిలువకుంటే నాకేంది? నేను పోనని చెప్పిన గదా."

"చెప్పినవ్." అన్న గోడకేసి చూస్తూ అన్నాడు. "పైసలు చేతికి రాకుంటే పోతవనుకున్న."

కోపమొస్తే అరిచే మనిషిని నేను. ఆరోజు ఆ కవరునే తిప్పి తిప్పి చూశాను. చింపలేదు, పారేయలేదు, జాగ్రత్తగా దాచాడు. నేను వచ్చిన ప్రతిసారీ ఆ సంచీ పక్కనే కూర్చుని అన్నం తిని, చెల్లె ఎట్లున్నవ్ అని అడిగాడు. ఒక్కో నెలా గడుస్తుంటే అన్న మనసులో లెక్కపెట్టుకున్నాడన్నమాట. డబ్బు పోతే పోయింది, నా సొంత అన్న నా గడువు ఎప్పుడు తీరుతుందా అని కాచుకుని కూర్చున్నాడన్న సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

అమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. మా మాటలన్నీ వినబడేంత దూరంలోనే ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. అమ్మకు తెలిసి ఉండదని, ఇప్పుడు లేచి అన్నను నాలుగు దులుపుతుందని ఎదురుచూశాను. అమ్మ ఒక్కో గింజా తీసి పక్కకు వేస్తూనే ఉంది.

"నీకు తెల్సానే?" అని అడిగాను.

"తెల్సు."

"నేను ఇంటికాడ ఉంటే మీకు బరువైతనా అమ్మా?"

అమ్మ అప్పుడు చేయి ఆపింది. నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, తప్పు చేసినట్టు కూడా లేదు.

"బరువని కాదు బిడ్డా. నువ్వు ఆడున్న మూడేండ్లే మేం నిమ్మళంగ ఉన్నం."