గూడ్సు పోయేంతవరకు

గుంతకల్లులో పట్టాల పక్కన పెరిగినవాళ్లకు ఒక అలవాటు. బండి వస్తే మాట ఆపేస్తాం. పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. ఎవరూ నేర్పరు.

మా అన్న డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసేవాడు. వయసులో ఉన్నప్పుడు సాయంత్రాలు రాక్ బ్యాండులో గిటారు వాయిస్తూ పాడేవాడు. వాళ్ల హాలు పట్టాలకు ఆనుకొని ఉండేది. గూడ్సు వస్తే అన్న పాట ఆపి, తీగల మీద అరచెయ్యి పెట్టేవాడు. డ్రమ్ము ఒక్కటే సన్నగా నడిచేది. జనం కూడా ఈలలు ఆపి కాచుకునేవాళ్లు. ఆఖరి పెట్టె దాటగానే మిగిలిన చరణం వచ్చేది.

తర్వాత బ్యాండు చెదిరిపోయింది. రిటైరయ్యాక, ఇన్నేళ్లకు, అన్న మళ్లీ ఆల్బం చేస్తానన్నాడు. పాటలు నన్ను రాయమన్నాడు.

"మన హాల్లో పాడినట్టే ఉండాల. లేకపోతే నాకొద్దు."

అదొక్కటే షరతు.

బెంగళూరు స్టూడియోలో గోడలన్నీ మెత్తగా ఉన్నాయి. బయటి చప్పుడు లోపలికి రాదు. మొదటి పాటలో, చరణం మధ్యలో, అన్న ఆగిపోయాడు. కళ్లు మూసుకొని, తీగల మీద చెయ్యి పెట్టి, చాలాసేపటికి అందుకున్నాడు. ప్రతి పాటలోనూ అంతే. రికార్డు చేసింది వినిపించేదాకా ఆ సంగతి తనకే తెలియదు.

సౌండ్ ఇంజనీరు తల గోక్కున్నాడు. "ఈ ఖాళీలు తీసేద్దాం సార్. వినేవాళ్లు నెట్ పోయిందనుకుంటారు."

నాకు బడి చదువు తక్కువ. కానీ మా ఊరి గ్రంథాలయంలో సంగీతం పుస్తకాలున్న బీరువా మొత్తం చదివినవాణ్ని. తాళంలో అరచెయ్యి వెనక్కి తిప్పే దెబ్బకు చప్పుడు ఉండదనీ, అయినా అది లెక్కలోదేననీ చెప్పాను. చేత్తో వేసి చూపించాను కూడా.

"చాలించప్పా నీ లైబ్రరీ," అన్నాడు అన్న. "ఆయప్ప చెప్పింది నిజమే. ఈడ బండి యాడుండాది? తీసేయమను."

"మరి నీ షరతు?"

"ఆ హాలే పడగొట్టినారు కదరా."

ఖాళీలు తీసేశారు. నాకు కోపం రాలేదు, బాధా రాలేదు. తిరిగొచ్చేటప్పుడు కిటికీలోంచి చేన్లు చూశాను. వాన లేక శనక్కాయ చెట్లు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. వాటినీ అలాగే చూశాను.

ఆల్బం వచ్చింది. గొంతు అట్లే ఉందని పాతవాళ్లు ఫోన్లు చేశారు. అన్న అందరికీ "ఊఁ" అన్నాడు.

ఒక పొద్దున మా వరండాలో ఫోనులో మొదటి పాట పెట్టాను. చరణం సగంలో గూడ్సు వచ్చింది. అన్న అరచెయ్యి మోకాలి మీద పరుచుకుంది. ఇద్దరం ఆగాం. పాట ఆగలేదు. ఆఖరి పెట్టె దాటేసరికి అది కూడా అయిపోయింది.

"ఎట్లుండాది?" అన్నాడు.

"వినపళ్లేదన్నా."

తల ఊపాడు. మళ్లీ పెట్టమనలేదు.