ఒకవేళ బాబాయి

మా బాబాయికి ఒకటే అలవాటు. ఏ కీడైనా తనంతట తాను వచ్చేదాకా ఆగడు. ముందే ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, ఒకసారి ఆడించి చూసి పంపిస్తాడు. "ఒకవేళ..." అని ఆయన నోరు తెరిచాడంటే ఇంట్లో ఎవరో ఒకరు పడాలి, తడవాలి, లేదా చావాలి. అన్నీ ఉత్తుత్తినే. వీధిలో ఆయన అసలు పేరు ఎప్పుడో పోయింది, "ఒకవేళ" మిగిలింది. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా గుమ్మంలో నిలబడి, "ఒకవేళగారున్నారా?" అనే అడుగుతాడు.

"ఒకవేళ లేకపోతే ఏం చేస్తావు?" అని లోపల్నుంచి బాబాయే అరుస్తాడు.

ఆయన పని ఆస్పత్రిలో. మనుషుల్ని బాగుచేసే పని కాదు, చక్రాల్ని బాగుచేసే పని. స్ట్రెచర్లు, చక్రాల కుర్చీలు, మందుల బళ్ళు, ఏది కుంటుతున్నా నేలమాళిగలో ఆయన గదికి తోసుకొస్తారు. ఆ గదికి కిటికీ లేదు. గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. స్ట్రెచరు రాగానే, "దీనిమీద ఎవరున్నారు, వాళ్ళకేమైంది?" అని ముందు కనుక్కుని, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు తీస్తాడు. ఏళ్ళ తరబడి అలా పనిచేసిన మనిషికి లోకంలో ఎటు చూసినా వదులైన నట్టే కనిపిస్తుంది.

అలాంటి మనిషి ఒక వానాకాలం సాయంత్రం తలుపు తోసుకొచ్చి, పరాయి దేశంలో కొండల మీద వారం రోజులు సాగే సైకిల్ పందేనికి పేరిచ్చానని చెప్పాడు. మా నాన్న రోజుకు నాలుగు మాటలు మించి మాట్లాడడు. ఆ పూట ఒకటి ఖర్చుపెట్టాడు.

"ఎందుకురా?"

"అక్కడ ప్రతి మలుపులోనూ ఒక ఒకవేళ ఉందన్నయ్యా!" అన్నాడు బాబాయి, పెళ్ళి విందు సంగతి చెప్తున్నంత ఆశగా.

ఆ పందెం ఇద్దరేసి తొక్కాలి. జతలో ఒకరికి ఇంకొకరు రెండు నిమిషాల దూరం దాటకూడదు. ఒకరు కూలబడితే ఇద్దరూ కూలబడినట్టే లెక్క. బయల్దేరేలోగా ఒకరికేమైనా అయితే మాత్రం ఇంకొకరిని పెట్టుకోవచ్చు. బాబాయికి జత డ్రిల్లు మాస్టారు. చిన్నప్పటి స్నేహితుడు, ఆరడుగుల మనిషి. బాబాయి నోట ఒకవేళ ఎలాగో, మాస్టారి నోట "ఏం కాదులే" అలాగ. బ్రేకు తెగినా ఏం కాదులే, చీలమండ బెణికినా ఏం కాదులే. ఇద్దర్నీ కలిపి కుడితే గానీ ఒక మామూలు మనిషి తయారవడు.

మా ఇంటి సంగతి కూడా కాస్త చెప్పాలి. అమ్మకు జబ్బు చేసినప్పుడు చూసుకోవడానికి నేను పదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ పోయింది. నేను పొయ్యి దగ్గర మిగిలిపోయాను. నాన్న కిటికీ పక్క కుర్చీలో మిగిలిపోయాడు. మా ఇంట్లో దీపం వేసినా చీకటిగానే ఉండేది. బయటివాళ్ళతో నేను మాట్లాడలేను. ఎవరైనా తలుపు తడితే ఆ తలుపు వెనకే దాక్కుంటాను. కొట్టుకు వెళ్తే, కొట్టు మనిషి "ఉప్పా? సబ్బా? అగ్గిపెట్టా?" అని వరసగా అడుగుతూ పోవాలి, సరైనది వచ్చినప్పుడు నేను తలూపుతాను. ఒకసారి సూదుల కోసం వెళ్ళాను. పాపం, ఆయనకు ఆ మాట తట్టేసరికి కొట్టు సగం చదివేశాడు.

అమ్మ పోయిన రోజున ఇంట్లో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. రోజూ స్ట్రెచర్ల మధ్య తిరిగే బాబాయి కూడా గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఈ ఒకవేళల జబ్బు ముదిరింది ఆ తర్వాతే.

పందెం ఏర్పాట్లు మొదలయ్యాయి. ఏర్పాట్లంటే మిగతావాళ్ళు కొండెక్కడం, దిగడం చేస్తారు. మేము ఆపదలు చేశాం.

"ఒకవేళ విమానంలో సైకిల్ పోతే?" అన్నాడు బాబాయి. వంటింటి కిటికీ విమానాల వాళ్ళ కౌంటరు అయింది. నేను లోపల, ఆయన బయట.

"మీ సైకిలు దొరకలేదండి," అన్నాను నేను, గిన్నెలకు కూడా వినిపించకుండా.

"గట్టిగా అమ్మడూ! విమానాల వాళ్ళు ఎవరికీ భయపడరు."

"దొరకలేదండీ!"

"ఇప్పుడు నువ్వు బయటికి రా, నేను లోపలికొస్తాను. సైకిల్ పోయింది నీది. కౌంటరు మనిషి ఎలా ఆలోచిస్తాడో నాకూ తెలియాలిగా. అడుగు నన్ను."

అడిగాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ అడిగాను. కిటికీ రెక్క మూశాడు. మూడోసారి నేను రెక్క మీద కొట్టిన దెబ్బకు పొరుగింటి అత్త పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా, దొంగలా?"

నేను తలుపు వెనక్కి పోయాను.

ఆ పందెంలో పడక గుడారాల్లో. అందుకని బాబాయి పెరట్లో గుడారం వేసి, అందులో పడుకుని, పైన నన్ను బకెట్లతో నీళ్ళు పొయ్యమన్నాడు. అప్పటికే వాన పడుతోంది. "ఆ వాన మనది. పరాయి దేశం వాన ఇంకా చల్లగా ఉంటుంది, పొయ్యి!" అన్నాడు. గోడ మీంచి పొరుగింటి అత్త తొంగిచూసింది. "బాబాయికి స్నానం చేయిస్తున్నావా? మంచిదే తల్లీ, చెవుల వెనక కూడా పొయ్యి."

ఇంకోరోజు మాస్టారు కొండ మీద స్పృహ తప్పాలి. ఆయన గడ్డిలో వెల్లకిలా పడుకుని హాయిగా నవ్వుతున్నారు. బాబాయి భుజాలు పట్టాడు, నేను కాళ్ళు పట్టాను. మనిషి అంగుళం కూడా లేవలేదు.

"మాస్టారూ, కాస్త తేలిగ్గా స్పృహ తప్పండి."

"ఏం కాదులేవయ్యా, దొర్లించు!"

దొర్లించాం. మధ్యలో ఆయన మా చేతులు దాటిపోయి, మాకంటే ముందు కిందికి చేరుకున్నారు.

ఈ ఆపదలన్నీ ఎవరో ఒకరు కలిగించాలి కదా. ఆ ఉద్యోగం నాది. మాస్టారి కోసమని బాబాయి ఆస్పత్రి గదిలో పాత భాగాలతో ఒక స్పేరు సైకిల్ బిగించాడు. దానిమీద నేను వెనకాల వస్తూ చెప్పకుండా బాబాయి చైను ఊడదియ్యాలి, టైరులో మేకు దింపాలి, దారికి అడ్డంగా కొమ్మ పడెయ్యాలి. ఏడాది పాటు నేనే వానలో, బురదలో, ఊరవతల రాళ్ళ కొండ మీద ఆయనకు దురదృష్టాన్ని.

ఒక మబ్బు పట్టిన ఉదయం బాబాయి, "ఒకవేళ కుక్క తరిమితే?" అన్నాడు.

"కుక్కని ఎక్కణ్నుంచి తేను?"

నా వైపు చూశాడు. కొండ మీద ఎవరూ లేరు. ముందు చిన్నగా మొరిగాను. "కుక్కపిల్ల కాదు!" అని అరిచాడు. అప్పుడు, ఎందుకో తెలియదు, ఇన్నాళ్ళూ మింగినవన్నీ ఒక్కసారి పైకొచ్చినట్టు మొరిగాను. రాళ్ళగుట్ట తిరిగి మొరిగింది. బాబాయి అదిరిపడి తొక్కాడు. నేనూ తొక్కాను. ఏటవాలు ఎక్కుతూ, మొరుగుతూ, ఆయన్ని దాటేసి కొండ చివరికి వెళ్ళిపోయాను.

ఆయన రొప్పుతూ వచ్చి, "కుక్క ముందుకెళ్ళిపోతే ఎలాగే?" అని కసిరాడు. కసురుతున్నాడే గానీ మూతి చివర్లు వణుకుతున్నాయి. నవ్వు ఆపుకున్నప్పుడు ఆయనకలా వణుకుతాయి. ఎందుకా నవ్వు అని అనుకున్నాను.

పాస్‌పోర్టు ఆఫీసుకు కూడా నన్నే ముందు తోశాడు. "అక్కడ ఏమేం అడుగుతారో ఒకసారి చూసి రా అమ్మడూ. నీదే చేయించు. ఉత్తుత్తి పాస్‌పోర్టు వాళ్ళివ్వరుగా." బాబాయి భయం పోగొట్టడానికి నేను వరసలో నిలబడి, ఫొటో దిగి, వేలిముద్రలేసి వచ్చాను. మా ఇంట్లో అది వింతగా ఎవరికీ అనిపించలేదు.

నాకు వింతగా అనిపించింది, మనసు విరిగింది, ఒక్క ఒకవేళకే. ఒక ఆదివారం నాన్న ఎదుటే బాబాయి అన్నాడు: "ఒకవేళ అమ్మడు లేకపోతే?"

"లేకపోవడం ఏమిట్రా?" అన్నాడు నాన్న.

"లేదు. అంతే. పొద్దున్న లేచావు, ఇంట్లో లేదు. ఇక మొదలుపెట్టు."

నన్ను మేడ మీద తన గదిలో పెట్టి, రెండు రోజులు కిందికి రావద్దన్నాడు. తను చచ్చాక ఇల్లు ఎలా ఉంటుందో చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? నాకు దొరికింది. మెట్ల మీంచి చూస్తే నాన్న పొయ్యి ముందు నిలబడి గుడ్డును ఉడకబెడుతున్నాడు. నీళ్ళు ఇంకిపోయాయి. గుడ్డు తుపాకీలా పేలింది. నాన్న మళ్ళీ నీళ్ళు పోసి ఇంకో గుడ్డు వేశాడు, అదీ పేలింది. నేను దిగబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చచ్చినవాళ్ళు మెట్లు దిగరు."

ఆ మాటకు ఆ రోజంతా ఏడ్చాను. అమ్మ చాలదా ఈయనకు, ఇప్పుడు నన్ను కూడా పంపిస్తున్నాడు అనుకున్నాను. వారం రోజులు ఆయన సైకిల్లో ఒక్క మేకు కూడా దింపలేదు. అయినా ఆ రిహార్సల్ నెలకొకసారి జరుగుతూనే వచ్చింది.

పందేనికి ఇంకా కొన్ని వారాలుందనగా మాస్టారు కుడిచెయ్యి మెడకు వేలాడదీసుకుని వచ్చారు. అంతకు ముందురోజే బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడ్డారట. నాన్న కంగారుపడి, "ఏం కాలేదుగా మాస్టారూ?" అన్నాడు.

"అయింది," అన్నారు మాస్టారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

బయట వాన. బాబాయి రెంచీని గుడ్డతో తుడుస్తున్నాడు. ఏడాది పాటు ఆడించిన ఆపదల్లో ఈ స్టూలు లేదు. తడిసిన గుడారం, దొర్లిన మాస్టారు, కుక్క, అన్నీ వృథా అనుకున్నాను.

"దీనికి లేదేమిట్రా నీ ఒకవేళ?" అన్నాడు నాన్న.

"ఉంది," అని బాబాయి నా వైపు చూశాడు.

నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. గోడ ఉంది.

"నేనా? నా వల్లకాదు బాబాయ్. సైకిలేదీ?"

ఆయన స్పేరు సైకిల్ లోపలికి తోసుకొచ్చాడు. "మాస్టారూ, ఒకసారి ఎక్కండి." మాస్టారు ఎక్కితే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఏడాదిగా దాని సీటు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు, దించలేదు. అన్నీ గమనిస్తాననుకునేదాన్ని, ఆ ఒక్కటీ గమనించలేదు.

"పాస్‌పోర్టు..." అన్నాను.

జేబులోంచి తీశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. "ఒకవేళ తడిస్తే," అన్నాడు.

"కొత్తవాళ్ళతో మాట్లాడలేను."

"కుక్కలా మొరిగినదానివి, మనిషిలా మాట్లాడలేవా?"

ఇక మిగిలింది ఒకటే. "నాన్నకి వండేదెవరు?"

కిటికీ దగ్గర కుర్చీలోంచి జవాబు వచ్చింది. "ఇప్పుడు పేలడం లేదమ్మా," అన్నాడు నాన్న.

ఏం చెయ్యాలో తోచక బాబాయి మాటే బాబాయి మీదికి విసిరాను. "ఒకవేళ నేను రానంటే?"

బాబాయి మొహం వెలిగింది. "దానికీ చేశాం! మాస్టారు నీ వేషం వేశారు. తలుపు వెనక నిలబడి ఉలకలేదు, పలకలేదు. బతిమాలలేక నా ప్రాణం పోయింది."

"ఎప్పుడు చేశారు?"

"పోయిన నెల."

మాస్టారు పడింది నిన్న. ఆయన దగ్గి, పైనున్న బల్బు వైపు తదేకంగా చూశారు. నాన్న కిటికీ వైపు తిరిగాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడి వంగి చూశాను. నవ్వుతున్నాడు. అమ్మ పోయాక ఆ నవ్వు నేను చూడలేదు.

సైకిల్ హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి నాకే ఒకటి తోచింది.

"బాబాయ్, ఒకవేళ గెలిస్తే?"

రెంచీ నేల మీద పడింది. ఏడాదిగా కుక్కలు, వరదలు, విరిగిన ఇరుసులు, పేలిన గుడ్లు అన్నీ తలుచుకున్న మనిషి, ఇది తలుచుకోలేదు. పాలిపోయాడు.

"అన్నయ్యా, దీనికి చెయ్యలేదే!" అని గది మధ్య చాక్‌పీసుతో గబగబా గీత గీశాడు. "లేవండి, లేవండి. ఇదే చివరి గీత. దాటేశాం. అందరూ చేతులెత్తండి!"

నేను ఎత్తాను. నాన్న కుర్చీలోంచి సగం లేచి ఎత్తాడు. అందరికంటే ఎత్తుగా, బల్బు అందేలా, రెండు చేతులూ ఎత్తేశారు మాస్టారు. మెడలో కట్టుగుడ్డ ఖాళీగా ఊగుతోంది.

"మాస్టారూ, చెయ్యి! చెయ్యి!" అని బాబాయి పళ్ళ బిగువున అన్నాడు.

"ఏం కాదులే," అన్నారు మాస్టారు.