ఇవాళ నేను చెయ్యినా, ఒళ్లా?

దొంగ బాబాయికి ఒకటే జబ్బు. అడిగిందే మూడుసార్లు అడుగుతాడు.

అలాగని ఆయన దొంగేం కాడు. కుక్కలకు కాపలా నేర్పే మైదానంలో దొంగ వేషం కట్టే మనిషి. ఇరవై ఏళ్లుగా కరిపించుకోవడమే ఉద్యోగం. ఒక రకం పోటీల కుక్క చేతి తొడుగు తప్ప ఇంకేదీ ముట్టుకోదు. మరో రకానికి కాలైనా ఒకటే, వీపైనా ఒకటే. దాని ముందుకు ఒళ్లంతా కప్పే దూది సూటు తొడుక్కుని వెళ్లాలి. ఇన్ని తెలిసిన మనిషి రోజూ పొద్దున్నే వచ్చి అడిగేది మాత్రం ఇదే: "ఇవాళ నేను చెయ్యినా, ఒళ్లా?"

దర్జీ అమ్మాయికి ఆ ప్రశ్నతో మతిపోయేది. చిరిగిన సూట్లు కుట్టడానికి మైదానానికి వచ్చిన పిల్ల, ఒంటరిగా నడుపుకునే కొట్టుకు కాపలా కావాలని తానూ ఓ కుక్కను తెచ్చుకుని చేరింది.

"చెయ్యి బాబాయ్."

"చెయ్యేనా?"

"చెయ్యే."

ఆయన తొడుగు బిగించుకుని, పట్టీలు లాగి చూసుకుని, పదడుగులు వేసి వెనక్కొచ్చేవాడు. "ఇంతకీ చెయ్యన్నావా, ఒళ్లన్నావా?"

కొట్టుకు పోయినా చెవుల్లో అదే రొద. ఓ గిరాకీ చొక్కా వదులు చెయ్యమంటే, "చెయ్యా, ఒళ్లా?" అని అడిగి, ఎందుకడిగిందో తనకే తెలియక తెల్లమొహం వేసింది.

ఓసారి తన కుక్కను తెచ్చిన ఒక కాంట్రాక్టరు రెండుసార్లు చెయ్యే అన్నాడు. మూడోసారికి తల గోక్కుని, "నిన్నట్నుంచి కాళ్లు కూడా పడుతోందిలెండి," అన్నాడు. దొంగ బాబాయ్ తొడుగు విప్పేసి వెళ్లి సూటు తొడుక్కున్నాడు.

అమ్మాయి కుక్క అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. సగం దూరం పరుగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి ఆమె మొహం చూసేది. మూడోసారీ తప్పితే ఇక తీసుకురావద్దని మైదానం యజమానురాలు చెప్పేసింది.

పరీక్షనాడు అమ్మాయి తాడును ఉరితాడులా బిగించి పట్టుకుంది.

"నేను చెయ్యినా?"

"చెయ్యి."

"చెయ్యేనా?"

"చెయ్యే బాబాయ్."

ఆయన మైదానం ఆ చివరిదాకా వెళ్లి, తీరిగ్గా నడిచొచ్చాడు. "ఒళ్లన్నట్టు గుర్తు..."

"చేతికి తొడుక్కున్నది కనబడట్లేదా? ఏం మనిషండీ బాబూ. చెయ్యి. చెయ్యి. చెయ్యి. పలక మీద రాసివ్వనా?"

ఆయన బుద్ధిమంతుడిలా తలూపి వెళ్లి నిలబడ్డాడు. అమ్మాయి ఇంకా గొణుక్కుంటూనే కుక్కను వదిలింది. అది వెనక్కి చూడలేదు. బాణంలా పోయి తొడుగు పట్టింది, వదలమనగానే వదిలింది.

సాయంత్రం చిరిగిన తొడుగు కుడుతూ అడిగింది: "నిజం చెప్పండి బాబాయ్, మీకు గుర్తుండదా?"

"నీ పిడికిలి చూశానమ్మా. భయం తాడు వెంబడి కుక్కకు పాకుతుంది. నాకు నాలుగు చీవాట్లు పెట్టేసరికి తాడు వదులైంది. కోపమంటావా, అది నా మీదికే వస్తుంది. నాకది అలవాటేగా."

"మరి ఆ కాంట్రాక్టరు?"

"అది నా కాలి కోసం."

మర్నాడు ఆయన ఒక్కసారే అడిగాడు. ఆమె చేతిలో వదులుగా వేలాడుతున్న తాడు చూసి, పట్టీలు సరిచూసుకుని వెళ్లి నిలబడ్డాడు. అమ్మాయి ఏదో మరిచిపోయినట్టు అటూ ఇటూ చూసి, చివరికి తనే కేకేసింది:

"బాబాయ్, చెయ్యేనండోయ్. మళ్లీ చెప్తున్నా, చెయ్యే."