అయిదో తరగతి అర్జీ

"బిడ్డకు పరీక్షలట. చదివిందో లేదో జర చూడు."

"నాకేం చూడొస్తది? మాపటికొచ్చి నువ్వే చూసుకో."

మొదటిది ఉదయం షిఫ్టుకు పోతూ నా భర్త అన్న మాట. రెండోది గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా నేనన్న మాట. మా ఇద్దరి మధ్య అవే ఆఖరివి. మధ్యాహ్నానికల్లా గనిలో పైకప్పు కూలి ఆయన పోయాడు.

అప్పుడు మా బిడ్డ గోదావరిఖనిలో అయిదో తరగతి. ఆమె చదువంతా ఆయనే చూసేవాడు. నాకు బస్సు బోర్డు కూడబలుక్కోవడం, సంతకం పెట్టడం, అంతవరకే. పాఠం చదివి పుస్తకం మూసేసి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పడం అయిదో తరగతి పిల్లలకు రావాలని వాళ్ల టీచరమ్మ పట్టుబట్టేది. ఎవరు, ఎక్కడ, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. కళ్లతో చూసింది ఏది, ఒకరు చెబితే విన్నది ఏది. బిడ్డ చాప మీద కూర్చుని చెబుతుంటే ఆయన డ్యూటీ బట్టలు కూడా విప్పకుండా వినేవాడు.

"చదివిందే మళ్ల చెప్పుడేంది? గొంతు నొప్పి తప్ప" అనేదాన్ని నేను.

గనిలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. మేముంటున్న క్వార్టరు, బిడ్డ చదువు, అన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. దినాలు అయిపోయాక, అర్జీలు రాసే ఆయన దగ్గరికి పోయాను.

"నీ పెనిమిటి పేరేంది చెల్లె?" అన్నాడు.

మాలో ఆడది భర్త పేరు నోటితో అనదు. 'బిడ్డ నాయిన' అంటాం, అంతే. గుర్తింపు కార్డు తీసి చేతిలో పెట్టాను.

తప్పు అక్కడే జరిగింది. కార్డు మీద ఉన్నది ఆయన అసలు పేరు కాదు. ఉద్యోగానికి పిలుపు వచ్చింది ఆయన పెద్దనాన్న కొడుక్కి. నాకు బావ అవుతాడు. ఒక్కరోజు గనిలోకి దిగి, ఆ చీకటికి భయపడి, ఊరికి తిరిగి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆ పేరు మీద మా ఆయన దిగాడు. ఆ రోజుల్లో అట్లా దిగినవాళ్లు ఒకరిద్దరు కాదు. గనిలో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు. బిడ్డను బడిలో వేసినప్పుడు మాత్రం అసలు పేరే రాయించాడు. ఏ పేరూ పలకని నాకు ఆ రెండు పేర్లతో ఎన్నడూ ఇబ్బంది రాలేదు.

అర్జీలాయన కార్డు చూశాడు, బిడ్డ బడి కాగితం చూశాడు, తల గోక్కున్నాడు.

"ఈడ ఒక పేరున్నది, ఆడ ఒక పేరున్నది. లొల్లి అయితది. నేను చూసుకుంటగని, నువ్వు ఫికర్ చెయ్యకు."

"ఏదో మంచిగ రాయి అన్న."

రాసి మడిచి ఇచ్చాడు, రేపు గని ఆఫీసులో సంతకం పెట్టి ఇవ్వమన్నాడు. అందులో ఏం రాశాడని నేను అడగలేదు.

ఇంటికొచ్చి, పెట్టెలో పెట్టమని బిడ్డకిచ్చాను. ఆమె నిలబడే చదివింది. ఆఫీసు మాటల దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత కాగితాన్ని బోర్లా పెట్టింది.

"అమ్మా, ఇందుల ఏమున్నదో చెప్పాల్నా?"

"చెప్పు."

"నాయిన బొగ్గుబాయిల పనిచేసుకుంట పోయిండు. నువ్వు ఒక్కదానివే మిగిలినవు. నీకు పిల్లలు లేరు. ఉద్యోగం ఇయ్యాలె. గంతే."

"పిల్లలు లేరని ఎట్లుంటది? మంచిగ చదువు."

"రెండుసార్లు చదివిన. నేను ఇందుల లేనమ్మా."

బడి కాగితంలో తండ్రి పేరు కార్డుతో కలవదని అర్జీలాయన బిడ్డనే తీసేశాడు. ఉన్నమాట చెప్పాలి, సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను మొదట. పని జల్దీ అవుతుంది. బిడ్డ నా పక్కన ఉంటే చాలదా, కాగితంలో ఉంటేనేం లేకుంటేనేం అనుకున్నాను. కానీ ఆమె ఏడవలేదు, అలగలేదు, ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. తండ్రి పోయి నెల తిరగలేదు. ఇప్పుడు నా సంతకంతో ఆమెకు తండ్రే లేకుండా పోతాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను.

"నోటుబుక్కు తే. నువ్వే రాయి."

"మా నాయిన చాల మంచోడు అని మొదలుపెడ్త."

"పెట్టకు. పండుగకు తాగి ఎవలెవలతోని కొట్లాడిండో కాలనీ మొత్తానికి ఎరుకే."

నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"సరే అమ్మా, వాళ్లు అడగని ముచ్చట రాయద్దు. ముందుగాల ఏమైందో చెప్పు. నువ్వు చూసిందా, విన్నదా?"

"మీ పెదనాయిన భయపడి ఊరికి ఉరికింది విన్న. ఆ కార్డు పట్టుకొని మీ నాయిన రోజూ డ్యూటీకి పోయింది చూసిన."

"అయితే రెండు ఏరేఏరే రాస్త. ఇగ పేరు చెప్పు."

"నీకెరుకనే గదా."

"అర్జీ పెట్టేది నువ్వు. నువ్వు చెప్తెనే రాస్త."

గోడ వైపు తిరిగాను. గని పేరు తేలిగ్గానే వచ్చింది, అది పరాయి మనిషి పేరు కదా. అసలు పేరు దగ్గర నాలుక కదలలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ అనలేదు. ఉన్నప్పుడు ఒక్కసారి పిలిచి ఉంటే వెనక్కి తిరిగి చూసేవాడు కదా అనిపించింది. చివరికి అన్నాను. బిడ్డ తల ఎత్తకుండా రాసుకుంది.

ఆఫీసులో సారు అది రెండుసార్లు చదివాడు.

"ఎవరు రాశారమ్మా?"

"మా బిడ్డ. అయిదు చదువుతది."

"రెండు పేర్లని మీరే చెబితే విచారణ పెట్టాలి. చాలా ఆలస్యమవుతుంది."

"కానియ్యున్రి సారు. బిడ్డ లేని కాగితం మాత్రం నాకొద్దు."

ఆలస్యమే అయింది. క్వార్టరు ఖాళీ చేసి కిరాయి అర్రలోకి మారాం. బావ ఊరి నుంచి వచ్చి, "పేరు నాది, చెమట వానిది సారు" అని చెప్పి పోయాడు. నన్ను ఎన్నిసార్లు ఎట్లా తిప్పి అడిగినా ఒకటే చెప్పాను. అవి నా మాటలే గనుక బట్టీ పట్టే పని లేకపోయింది. రెండు వానాకాలాలు గడిచాక కంపెనీ దవాఖానలో ఊడ్చే పని వచ్చింది. ఆ ఉద్యోగం కాగితంలో ఆయన పేర్లు రెండూ ఉన్నాయి, కింద బిడ్డ పేరు ఉంది.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది. బిడ్డ మంచిర్యాలలో టీచరు ట్రైనింగ్ చదువుతోంది. ఇంట్లో పెద్దవాళ్ల ముచ్చట ఒకటి రాసుకు రమ్మన్నారట. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది ఆమే.

ఏందే, నేను ఇంత చెప్తె నువ్వు గంత రాస్తున్నవు? నేను ఏడ్చిన్నని గిట్ల రాసినవా ఏంది? పెన్ను పక్కకు పెట్టు. మొదటికెల్లి ఒక్కసారి చదివి వినిపియ్యి బిడ్డా.